వాటా వెల కట్టుటకు పదేండ్ల సగటు

మన పల్నాటిలో మిర్చి పండించే రైతును ఎవరినైనా అడిగి చూడండి, పొలానికి కౌలు ఎట్లా నిర్ణయిస్తారని. "నిరుటి ధర బట్టి" అన్న సమాధానమే ఎక్కువగా వస్తుంది. 2023లో గుంటూరు మిర్చి యార్డులో క్వింటాలు ఇరవై వేల రూపాయలు దాటి పలికినప్పుడు, నకరికల్లు చుట్టుపట్ల కౌలు రేట్లు కూడా దానితోపాటే పైకి పోవడం మేము చూశాము. 2025 ఫిబ్రవరి వచ్చేసరికి ధర ఎంతగా పడిపోయిందంటే, కేంద్ర ప్రభుత్వం మార్కెట్ జోక్య పథకం క్రింద క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ప్రకటించవలసి వచ్చింది. అంతకు ముందు 2017లోనూ ఇదే విధంగా 5,000 రూపాయల ధరను ప్రకటించిన సంగతి పెద్దలకు గుర్తుండే ఉంటుంది. మంచి ఏటి ధర చూసి ఒప్పుకొన్న కౌలును చెడ్డ ఏట చెల్లించడం ఎంత కష్టమో మా విద్యార్థులలో అనేకులకు ఇంటి అనుభవమే గాని పుస్తకంలో చదివి తెలుసుకోవలసినది కాదు.

కంపెనీ వాటాలకు వెల కట్టడంలోనూ సరిగ్గా ఇదే పొరపాటు జరుగుతూ ఉంటుంది. ఆ పొరపాటును గూర్చి, దానిని తగ్గించుకొనడానికి అర్థశాస్త్రజ్ఞులు కనిపెట్టిన ఒక కొలతను గూర్చి ఈ వ్యాసంలో వివరింప ప్రయత్నిస్తాము. ఇది కేవలం వాణిజ్యశాస్త్ర విద్యార్థులకే సంబంధించిన విషయమని ఇతరులు పుట తిప్పవద్దని మనవి. చేతిలో ఫోను ఉన్న ప్రతి యువకుడూ ఈనాడు వాటాల బజారు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. మన సముదాయంలో వడ్డీ ముట్టరాదన్న నియమంతో బ్యాంకు డిపాజిట్లకు దూరంగా ఉండే కుటుంబాలు చాలా ఉన్నాయి. అట్టివారు పొలమో, బంగారమో, కాకుంటే వాటాలో చూచుకొంటున్నారు. కావున వెల కట్టడం తెలియకపోతే కలిగే నష్టం వారికి మరింత ఎక్కువ.

ఈ విషయం వ్రాయడానికి మమ్ము పురికొల్పిన సంఘటన ఒకటి ఉంది. అది మా తప్పే కనుక దాచుకొనక చెప్పుకొంటాము. 2022 వేసవిలో మా పూర్వవిద్యార్థి ఒకడు మా వద్దకు వచ్చాడు. వాళ్ళ నాయన మిర్చి అమ్మగా వచ్చిన డబ్బులో లక్ష రూపాయలు వాడి చేతికి ఇచ్చి, "మీ మాస్టారును అడిగి ఎందులోనైనా పెట్టరా" అన్నాడట. వాడు ఫోనులో ఒక లోహపు కంపెనీ వివరాలు చూపించి, "సార్, దీని పి.ఇ. అయిదే ఉంది. చవక కాదా సార్?" అని అడిగాడు. మేము చూశాము. అంకె నిజమే. అప్పులు కూడా పెద్దగా లేవు. "చవకే బాబూ" అన్నాము. ఏడాది తిరిగేసరికి ఆ కంపెనీ లాభం మూడవ వంతు కంటే తక్కువకు దిగింది. వాటా ధర నూటికి నలభై వంతులు పడింది. విచిత్రమేమిటంటే, ధర అంతగా పడినా పి.ఇ. మాత్రం అయిదు నుండి పదికి పెరిగింది! కుర్రవాడు మళ్ళీ వచ్చి, "నూరు రూపాయలు ఉన్నప్పుడు చవక, అరవై అయినప్పుడు ప్రియం ఎట్లా అవుతుంది సార్?" అని అడిగాడు. అది ఎంతో న్యాయమైన ప్రశ్న. నిదానంగా ఆలోచిస్తే గాని మాకు జవాబు చెప్పడం చేతకాలేదు.

ముందుగా పి.ఇ. అంటే ఏమిటో చెప్పుకొందాము. కంపెనీ ఒక సంవత్సరంలో సంపాదించిన నికర లాభాన్ని మొత్తం వాటాల సంఖ్యతో భాగిస్తే ఒక్కొక్క వాటాకు వచ్చే లాభం తేలుతుంది. బజారులో వాటా ధరను ఈ లాభంతో భాగించగా వచ్చేదే ధర-లాభ నిష్పత్తి, వాడుకలో పి.ఇ. నూరు రూపాయల వాటాపై ఏటా ఇరవై రూపాయల లాభం వస్తున్నదంటే నిష్పత్తి అయిదు. అంటే ఈ లాభమే స్థిరంగా ఉంటే అయిదేండ్లలో పెట్టిన ధర అంతటికీ సమానమైన సంపాదన జరుగుతుందన్న మాట. "ఈ లాభమే స్థిరంగా ఉంటే" అన్న షరతులోనే చిక్కు అంతా ఉంది.

లాభం ఎందుకు స్థిరంగా ఉండదో తెలుసుకొనడానికి మనము దూరం పోనక్కరలేదు. పిడుగురాళ్ళ, దాచేపల్లి, మాచర్ల ప్రాంతాలలోని సున్నపురాయి ఆధారంగా వెలసిన సిమెంటు పరిశ్రమనే తీసుకొందాము. వెలగపూడి రామకృష్ణ, ఐ.సి.ఎస్. గారు 1941లో స్థాపించిన కె.సి.పి. సంస్థ, ఉయ్యూరు పంచదార పరిశ్రమతో మొదలై, 1958లో మాచర్లలో సిమెంటు కర్మాగారాన్ని నెలకొల్పింది. ఆనాడు సిమెంటు ధరను, పంపిణీని ప్రభుత్వమే నియంత్రించేది. 1982 ఫిబ్రవరిలో ఆ నియంత్రణ పాక్షికంగాను, 1989లో పూర్తిగాను తొలగింది. అప్పటి నుండి సిమెంటు బస్తా ధర బజారుకు వదిలివేయబడింది. దానితో లాభాలకు ఆటుపోట్లు వచ్చాయి.

ఆటుపోట్లకు కారణం పరిశ్రమ స్వభావంలోనే ఉంది. ఒక బస్తా ఉత్పత్తికి, రవాణాకు అన్ని ఖర్చులూ కలిపి 270 రూపాయలు అవుతాయని, అమ్మకపు ధర 300 అని లెక్క కోసం అనుకొందాము. లాభం 30. ఇప్పుడు ధర నూటికి పది మాత్రమే పెరిగి 330 అయినదంటే లాభం 60 అవుతుంది, అంటే రెట్టింపు. అదే నూటికి పది తగ్గితే లాభం సున్న. ధరలో చిన్న అల, లాభంలో పెద్ద కెరటం. ఇక లాభం ఎక్కువగా ఉన్న రోజులలో ప్రతి కంపెనీ కొత్త కర్మాగారానికి పునాది వేస్తుంది. అది పూర్తి కావడానికి రెండు మూడేండ్లు పడుతుంది. అందరి కర్మాగారాలూ ఒకేసారి తయారయ్యేసరికి సరుకు గిరాకీని మించిపోతుంది. సిమెంటు బరువైన వస్తువు గనుక ఎక్కువ దూరం మోసుకొనిపోతే గిట్టదు. ఎక్కడి సరుకు అక్కడే పేరుకొంటుంది. పొగాకు, మిర్చి రైతులు ఒక ఏటి ధర చూసి మరుసటి ఏట అందరూ అదే పంట వేయడంతో దీనిని పోల్చవచ్చు. రైతుకు చక్రం ఒకటి రెండేండ్లలో తిరుగుతుంది, సిమెంటుకు ఏడెనిమిదేండ్లు పడుతుంది. అంతే భేదం.

ఇట్టి పరిశ్రమలో ఒక్క ఏటి లాభం చూసి వెల కట్టేవాడు తలక్రిందులుగా చూస్తున్నాడని అర్థం. లాభం శిఖరం మీద ఉన్నప్పుడు పి.ఇ. చిన్నదిగా కనిపించి వాటా చవక అనిపిస్తుంది. లాభం లోయలో ఉన్నప్పుడు పి.ఇ. పెద్దదై ప్రియం అనిపిస్తుంది. మా కుర్రవాడి ప్రశ్నకు ఇదే జవాబు. వాడు నూరు రూపాయలు పెట్టి కొన్నది అయిదేండ్ల సాధారణ సంపాదనను కాదు, ఒక్క మంచి ఏటి సంపాదనను అయిదుతో హెచ్చవేసిన ఊహను.

ఈ సంగతిని మొదట గట్టిగా చెప్పినవారు న్యూయార్కులోని కొలంబియా విశ్వవిద్యాలయంలో బోధించిన బెంజమిన్ గ్రాహం, డేవిడ్ డాడ్ అనే ఇద్దరు ఆచార్యులు. 1929 అక్టోబరులో అమెరికా వాటాల బజారు కుప్పకూలిన తరువాత, గ్రాహం తానే స్వయంగా భారీగా నష్టపోయిన అనుభవంతో, 1934లో డాడ్‌తో కలిసి 'సెక్యూరిటీ అనాలిసిస్' అనే గ్రంథాన్ని వెలువరించాడు. ఒక్క ఏటి లాభం కాక, అయిదేండ్లకు తక్కువ కాకుండా, వీలైతే ఏడు లేక పదేండ్ల సగటు లాభాన్ని చూసి వాటాకు వెల కట్టవలెనని వారు అందులో బోధించారు. పదేండ్లలో మంచి కాలమూ చెడ్డ కాలమూ రెండూ వస్తాయి గనుక, సగటులో ఒకదాని పొంగును మరొకదాని కుంగు సరిచేస్తుంది. మన ఇండ్లలో ఉర్దూలో 'ఔసత్' అనే మాట రోజూ వినిపించేదే. ఎకరానికి ఔసత్ దిగుబడి ఎంత అని అడిగే పెద్దలు ఔసత్ మునాఫా ఎంత అని అడగకపోవడమే ఆశ్చర్యం.

అయితే సగటులో ఒక లోపం ఉంది. పదేండ్ల క్రిందటి రూపాయి, నేటి రూపాయి ఒకటి కావు. 2014లో వాటాకు ఆరు రూపాయలు సంపాదించిన కంపెనీ, నేడు ఆరే సంపాదిస్తే అది నిజానికి క్షీణించినట్లు. కావున పాత లాభాలను కూడే ముందు వాటిని నేటి రూపాయలలోనికి మార్చుకోవలెను. రాబర్ట్ షిల్లర్, జాన్ కాంబెల్ అనే అర్థశాస్త్రజ్ఞులు 1988లో ప్రచురించిన పరిశోధనలో ఈ సవరణ చేసి, ద్రవ్యోల్బణం తీసివేసిన పదేండ్ల సగటు లాభంతో ధరను భాగించే పద్ధతిని ప్రచారంలోనికి తెచ్చారు. దీనికే ఆంగ్ల మాటల మొదటి అక్షరాలతో 'కేప్' నిష్పత్తి అని పేరు. షిల్లర్‌కు 2013లో మరి ఇద్దరితో కలిపి అర్థశాస్త్రంలో నోబెల్ బహుమానం లభించింది.

లెక్క చేసి చూపితే గాని విషయం మనసుకు పట్టదు. ధరల పెరుగుదలకు మనము ఆదాయపు పన్ను శాఖవారు ఏటా ప్రకటించే ధరల ద్రవ్యోల్బణ సూచిని వాడుకొందాము. 2001-02 సంవత్సరాన్ని 100గా తీసుకొన్న ఈ సూచి 2014-15లో 240, 2023-24లో 348. వినియోగదారుల ధరల పెరుగుదలలో నూటికి డెబ్బది అయిదు వంతులను మాత్రమే ఇది లెక్కిస్తుంది గనుక అసలు ద్రవ్యోల్బణం కంటే కొంచెం తక్కువ చూపుతుంది. అయినా ప్రతి సంవత్సరపు అంకె ఒకేచోట దొరుకుతుంది గనుక అభ్యాసానికి చాలును. నిక్కచ్చిగా చేయదలచినవారు వినియోగదారుల ధరల సూచినే తీసుకోవచ్చు.

ఒక ఊహా సిమెంటు కంపెనీ పదేండ్లలో ఒక్కొక్క వాటాకు సంపాదించిన లాభం, ఆ ఏటి సూచి, 2023-24 రూపాయలలో దాని విలువ వరుసగా ఈ విధంగా ఉన్నవనుకొందాము.

2014-15: లాభం 6 రూపాయలు, సూచి 240, నేటి విలువ 8.70
2015-16: లాభం 11, సూచి 254, విలువ 15.07
2016-17: లాభం 14, సూచి 264, విలువ 18.45
2017-18: లాభం 16, సూచి 272, విలువ 20.47
2018-19: లాభం 9, సూచి 280, విలువ 11.19
2019-20: లాభం 13, సూచి 289, విలువ 15.65
2020-21: లాభం 28, సూచి 301, విలువ 32.37
2021-22: లాభం 15, సూచి 317, విలువ 16.47
2022-23: లాభం 8, సూచి 331, విలువ 8.41
2023-24: లాభం 40, సూచి 348, విలువ 40.00

మార్చే పద్ధతి సులభం. ఆ ఏటి లాభాన్ని 348తో హెచ్చవేసి ఆ ఏటి సూచితో భాగించవలెను. మొదటి వరుసలో 6 × 348 ÷ 240 = 8.70. మార్చకుండా కూడితే పదేండ్ల లాభం 160 రూపాయలు, సగటు 16. మార్చి కూడితే 186.78, సగటు 18.68. ఈ రెండు సగటుల మధ్య తేడా రెండు రూపాయల పైచిలుకు. ద్రవ్యోల్బణాన్ని మరచిపోతే పాత ఏండ్ల సంపాదనను ఆ మేరకు తక్కువ చేసి చూసినట్లు అవుతుంది.

2023-24 చివర ఈ వాటా ధర 400 రూపాయలు ఉన్నదనుకొందాము. ఆ ఏటి లాభంతో భాగిస్తే పి.ఇ. 10. ఫోను చూసేవానికి చవక. పదేండ్ల సవరించిన సగటుతో భాగిస్తే 21.4. ఇప్పుడు ఒక ఏడాది వెనుకకు పోదాము. 2022-23లో లాభం 8 మాత్రమే. అందరూ విసుగెత్తి వాటాను 150 రూపాయలకు అమ్ముకొంటున్నారు. ఆనాటి పి.ఇ. 18.75, అంటే ప్రియం. కాని అప్పటి వరకు గడచిన తొమ్మిదేండ్ల లాభాలను 2022-23 రూపాయలలోనికి మార్చి సగటు కడితే 15.51 వస్తుంది. 150ని దానితో భాగిస్తే 9.7. ఒక్క ఏటి కొలత ప్రియం అన్న చోట దీర్ఘకాలపు కొలత చవక అన్నది. అది చవక అన్న చోట ఇది ప్రియం అన్నది. విద్యార్థులు ఈ లెక్కను స్వయంగా కాగితం మీద చేసి చూడవలెనని మా కోరిక. చదివి తల ఊపినంత మాత్రాన ఇది అలవడదు.

నిష్పత్తిని తిరగవేసి చూడడం కూడా మేలు. 100ని 21.4తో భాగిస్తే 4.7 వస్తుంది. అంటే 400 రూపాయలకు ఆ వాటా కొన్నవానికి, గడచిన దశాబ్దపు సగటు సంపాదనే ముందునకూ కొనసాగితే, నూటికి ఏటా నాలుగు రూపాయల డెబ్బది పైసల సంపాదన ఉంటుంది. ఇది ద్రవ్యోల్బణాన్ని సవరించిన అంకె గనుక ధరలు పెరిగిన కొద్దీ రూపాయలలో ఆ సంపాదనా పెరగవచ్చు. 150కి కొన్నవానికి ఇదే అంకె 10.3. వాటా ఒకటే, కంపెనీ ఒకటే. కొన్న ధరను బట్టి ఇద్దరి పాలు ఇంత భేదం.

నిజ చరిత్రలో ఈ కొలతకు పెద్ద పరీక్ష 2009లో జరిగింది. 2008 చివరి త్రైమాసికంలో అమెరికా బ్యాంకులు, ఇతర సంస్థలు చూపించిన నష్టాలు ఎంత భారీవంటే, అక్కడి 500 పెద్ద కంపెనీల సూచీలో కంపెనీల లాభనష్టాలన్నీ కలిపితే ఆ మూడు నెలలకు నష్టమే తేలింది. ఫలితంగా 2009 మొదటి అర్ధభాగంలో ఆ సూచీ పి.ఇ. 100 దాటింది. ఆ అంకెను నమ్మినవానికి అమెరికా వాటాలు చరిత్రలో ఎన్నడూ లేనంత ప్రియంగా కనిపించి ఉండవలెను. కాని అదే సమయంలో, 2009 మార్చిలో, కేప్ నిష్పత్తి 13 ప్రాంతంలో ఉన్నది. 1881 నుండి లెక్కకట్టిన దీర్ఘకాలపు సగటు సుమారు 17 కావున, అది చవక అని చెప్పింది. ఆ మార్చి నెలలోనే బజారు అడుగు తాకి లేచిందని మనకు విదితమే. వ్యతిరేక దిశలో 1929 సెప్టెంబరులో కేప్ 32 దాటింది. 1999 డిసెంబరులో 44కు చేరింది. రెండు సందర్భాలలోనూ తరువాత ఏమి జరిగిందో చెప్పనవసరం లేదు.

మన దేశంలోనూ ఇట్టి ఉదాహరణ ఉంది. కరోనా కారణంగా 2020లో కర్మాగారాలు, దుకాణాలు మూతపడి లాభాలు పడిపోయాయి. ఆ పడిపోయిన లాభాలే లెక్కలో ఉండగా 2021 తొలి నెలలలో నిఫ్టీ సూచీ పి.ఇ. 40 దాటింది. అందులో ఇంకొక మెలిక కూడా ఉన్నది. అప్పటి వరకు నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజి ఈ నిష్పత్తిని మాతృసంస్థల లాభాలతో మాత్రమే లెక్కించేది. 2021 ఏప్రిల్ నుండి అనుబంధ సంస్థలను కూడా కలిపిన లాభాలతో లెక్కించడం మొదలుపెట్టింది. దానితో 40 ప్రాంతంలో ఉన్న అంకె రాత్రికి రాత్రే 33 ప్రాంతానికి దిగింది. వాటాల ధరలు పడలేదు, కంపెనీల సంపాదన పెరగలేదు, కొలపాత్ర మాత్రమే మారింది. పాత అంకెలను, కొత్త అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చేవారు ఈ సంగతి గుర్తుంచుకోవలెను.

ఇక ఈ పద్ధతికి గల పరిమితులను చెప్పకపోతే మేము మరొక కుర్రవానిని దారి తప్పించినవారమవుతాము.

ఇది మొత్తం బజారుకు సరిపోయినంత చక్కగా ఒక్కొక్క కంపెనీకి సరిపోదు. బజారు సూచీలో వందల కంపెనీలు ఉంటాయి, ఒకటి చచ్చినా మరొకటి బ్రతుకుతుంది. ఒంటరి కంపెనీకి ఆ భరోసా లేదు. దాచేపల్లి మండలం శ్రీదుర్గాపురంలోని కర్మాగారం గల ఆంధ్ర సిమెంట్స్ 1936లో నమోదైన పాత సంస్థ. అట్టి సంస్థ కూడా అప్పుల భారంతో, ఉత్పత్తి నిలిచి, దివాలా చట్టం క్రింద విచారణకు వచ్చి, 2023లో సాగర్ సిమెంట్స్ చేతికి మారింది. పదేండ్ల లాభాలు వ్రాసుకొనేవారు పదేండ్ల అప్పులను కూడా పక్క గడిలో వ్రాసుకోవలెనని దీనివలన తెలుస్తున్నది. చెడ్డ కాలాన్ని దాటి బ్రతికి ఉంటే కదా సగటుకు అర్థం.

పేరు ఒకటే అయినా కంపెనీ మారిపోవచ్చు. పైన చెప్పిన కె.సి.పి.నే చూడండి. ఉయ్యూరు పంచదార వ్యాపారం తరువాతి కాలంలో వేరొక సంస్థగా విడిపోయింది. వియత్నాంలో పంచదార పరిశ్రమ వచ్చింది. 2011లో ముక్త్యాలలో రెండవ సిమెంటు కర్మాగారం వచ్చింది. ఇట్టి మార్పులకు ముందరి లాభాలను తరువాతి లాభాలతో కూడేటప్పుడు, దేనిని దేనితో కలుపుతున్నామో చూచుకోవలెను. బోనస్ వాటాల విషయం కూడా ఇటువంటిదే. ఒకటికి ఒకటి బోనస్ ఇస్తే వాటాల సంఖ్య రెట్టింపై ఒక్కొక్క వాటా లాభం సగమవుతుంది. పాత ఏండ్ల లాభాలను కూడా సగం చేయకపోతే సగటు అంతా తప్పుతుంది. మా అనుభవంలో విద్యార్థులు ఎక్కువగా జారేది ఇక్కడే.

వేగంగా పెరిగే కంపెనీకి పాత లాభాల సగటు అన్యాయం చేస్తుంది. పదేండ్లలో పదిరెట్లు పెరిగిన మందుల కంపెనీకో, సాఫ్ట్‌వేర్ కంపెనీకో ఈ కొలత ఎప్పుడూ "ప్రియం" అనే చెబుతుంది. అక్కడ వేరే విధమైన వివేచన కావలెను. అట్లే జమాఖర్చుల నియమాలు కాలక్రమాన మారుతాయి గనుక పాత లాభం, కొత్త లాభం ఒకే త్రాసులో తూచినవి కావని జెరెమీ సీగెల్ వంటి ఆచార్యులు కేప్‌ను విమర్శించారు. ఆ విమర్శలో పస ఉన్నదనే మా అభిప్రాయం.

అన్నింటికంటె పెద్ద పరిమితి, మన తెలుగువారికి గుండె మీద గాయం వంటిది, సత్యం కంప్యూటర్స్ ఉదంతం. 1987లో హైదరాబాదులో మొదలై దేశంలోని అగ్రశ్రేణి సాఫ్ట్‌వేర్ సంస్థలలో ఒకటిగా ఎదిగిన ఆ కంపెనీ అధ్యక్షుడు బి. రామలింగరాజు 2009 జనవరి 7న వ్రాసిన లేఖలో, లెక్కలలో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని అంగీకరించాడు. 2008 సెప్టెంబరు త్రైమాసికంలో 649 కోట్ల లాభం చూపగా నిజమైనది 61 కోట్లేనని కూడా అందులో ఉన్నది. ఇట్టి చోట పదేండ్లు కాదు, ముప్పై ఏండ్ల సగటు కట్టినా ఫలితం లేదు. అబద్ధాలను పదింటిని కూడి పదితో భాగిస్తే వచ్చేది సగటు అబద్ధమే. కావున లాభంతోపాటు కంపెనీ చేతికి వచ్చిన రొక్కం ఎంత, చెల్లించిన పన్ను ఎంత, వాటాదారులకు పంచిన డివిడెండు ఎంత అన్నవి కూడా చూడక తప్పదు. అసలు పదేండ్ల లెక్కలే ప్రచురించని పథకాలలో, నెలకు ఇంత మునాఫా అన్న మాట నమ్మి డబ్బు పోసినవారిని మన ఊళ్ళలోనే ఎరుగుదుము. వారిని గూర్చి ఇక్కడ వ్రాయడం మాకు ఇష్టం లేదు.

చివరి పరిమితి, ఈ కొలత గడియారం కాదు. బజారు ప్రియంగా ఉన్నదని 1996 డిసెంబరులోనే షిల్లర్, కాంబెల్‌లు అమెరికా కేంద్ర బ్యాంకువారికి వివరించారు. అయినా బజారు 2000 సంవత్సరం వరకు పెరుగుతూనే ఉన్నది. వారి మాట విని 1997లోనే అమ్మివేసినవారు మూడేండ్లు నలుగురిలో నవ్వులపాలయ్యారు. కేప్ చెప్పేది రాబోయే ఏడాదిని గూర్చి కాదు, రాబోయే పదేండ్లను గూర్చి. అదైనా ఉజ్జాయింపుగానే.

మా కుర్రవాని సంగతి చెప్పి ముగిస్తాము. వాడు నష్టంతో ఆ వాటాలను అమ్మలేదు, ఇంకా కొనలేదు కూడా. మేమిద్దరం కూర్చొని ఆ లోహపు కంపెనీ వార్షిక నివేదికల నుండి పదేండ్ల లాభాలను పైన చూపిన విధంగా పట్టిక వేశాము. మధ్యలో ఒక బోనస్, ఒక గని అమ్మకం ఉన్నాయి. వాటిని సరిచేయడానికి రెండు ఆదివారాలు పట్టింది. వాడు నూరు రూపాయలకు కొన్న రోజున ఆ సగటుతో కట్టిన నిష్పత్తి అయిదు కాదు, పదిహేడు అని తేలింది. అరవైకి పడిన తరువాత అది పది. వాళ్ళ నాయనకు ఈ లెక్క వివరించగా ఆయన శ్రద్ధగా విని, "అయితే మాస్టారూ, మా ఎకరానికి నిరుడు ఒప్పుకొన్న కౌలుకు కూడా ఈ పట్టికే వేసిపెట్టండి" అన్నాడు. పదేండ్ల మిర్చి ధరలు యార్డు రికార్డులలో దొరుకుతాయి గాని, ఆయన పొలం దిగుబడి ఏ ఏట ఎంతో ఎక్కడా వ్రాసి లేదు. ఆయన భార్య తలచుకొని చెబుతూ ఉండగా, ఆరేండ్ల వరకు వ్రాసుకొన్నాము.

అనేక కంపెనీల వార్షిక నివేదికలు బొంబాయి, నేషనల్ స్టాక్ ఎక్స్ఛేంజిల వెబ్‌సైట్లలో ఎవరైనా ఉచితంగా చూచుకోవచ్చు. చాలా నివేదికలలో పదేండ్ల ఆర్థిక ముఖ్యాంశాల పట్టిక ఒకే పుటలో ఉంటుంది. ఏదైనా కంపెనీకి ఈ లెక్క వేసి చూడదలచిన విద్యార్థులు, ఏ శాఖవారైనా సరే, శనివారం మధ్యాహ్నం గ్రంథాలయానికి కాగితం, పెన్సిలు తీసుకొని రావచ్చు. ఉర్దూ మాధ్యమం విద్యార్థులకు ఉర్దూలోనే చెబుతాము.